మంద బతికుండగానే వెళ్లాలి: కరువులో సంచార పశుపాలకులకు సాయం ఎలా చేయాలి

తెల్లారేసరికి ఒక ఆవు లేవదు. ఇద్దరు కొమ్ముల దగ్గర, ఒకరు తోక దగ్గర పట్టుకుంటారు, మరొకరు పొట్ట కింద నుంచి కర్ర దూరుస్తారు. అలా నిలబెడితే నాలుగడుగులు వేస్తుంది. మధ్యాహ్నానికి మళ్లీ కూలబడుతుంది. రెండో రోజు నలుగురూ చాలరు. మూడో రోజు ఎవరూ లేపడానికి పోరు, దూడను మాత్రం పక్కకు లాక్కెళ్తారు. సహాయ సంస్థల లారీలు చాలాసార్లు ఈ మూడో రోజుకే చేరతాయి. గడ్డిమోపులు దింపుతారు, ఫొటోలు తీసుకుంటారు. తినే గొడ్డు ఉండదు.

సంచార పశుపాలకుల మధ్య చేసే పనిలో ముప్పాతిక వంతు వేళ గురించే. ఏమేం చేయొచ్చో పుస్తకాల్లో దొరుకుతుంది. ఎప్పుడు చేయాలో మంద దగ్గర కూర్చుంటేనే తెలుస్తుంది. మీకు మొదటిసారి ఇలాంటి ప్రాంతంలో పని పడిందనుకుని, చేయాల్సినవి ఒక వరుసలో చెబుతాను.

వేళ తప్పితే ఏమవుతుందో సోమాలియాను చూస్తే చాలు. వానలు మొహం చాటేస్తాయన్న హెచ్చరికలు 2010లోనే వచ్చాయి. ఐక్యరాజ్యసమితి క్షామం ప్రకటించింది 2011 జులై 20న. ఆ విపత్తులో సుమారు 2,58,000 మంది చనిపోయారని, అందులో సగం ఐదేళ్లలోపు పిల్లలేనని తర్వాత 2013లో వచ్చిన అధ్యయనం తేల్చింది. యుద్ధం, సాయాన్ని అడ్డుకున్న సాయుధ ముఠాలు కూడా కారణమే, కాదనను. కానీ ప్రకటన కోసం ఎదురుచూసిన నెలల్లో పశువులు ముందు పోయాయి, ఆ వెనకే మనుషులు పోయారు. ఈ వరుస ఎప్పుడూ ఇంతే.

మొదటి పని: మంద ఎక్కడుందో అక్కడికి పోండి

సమావేశానికి రమ్మని కబురు పెట్టకండి. పట్టపగలు, ఊరి మధ్యలో చెట్టుకింద పెట్టిన సమావేశానికి వచ్చేవాళ్లు మంద లేనివాళ్లు, లేదా మందను జీతగాళ్లకు అప్పగించిన పెద్ద ఆసాములు. నేను కొత్తలో చేసిన తప్పే ఇది. మూడు సమావేశాలు పెట్టి, పుస్తకం నిండా రాసుకుని వచ్చాను. తర్వాత తెలిసింది, అందులో ఆ ఏడాది మంద వెంట నడిచినవాడు ఒక్కడూ లేడని.

మాట్లాడటానికి రెండు చోట్లు, రెండు వేళలు మంచివి. ఒకటి, పశువులు వంతుకోసం ఆగే నీటి రేవు. రెండోది, సాయంత్రం పాలు పితికే వేళ. రేవు దగ్గర మగవాళ్లు తీరిగ్గా ఉంటారు. పాల దగ్గర ఆడవాళ్లు చెప్పే లెక్కలే అసలు లెక్కలు. నిన్న ఎన్ని చెంబులు, ఇవాళ ఎన్ని, అందులో దూడకు వదిలింది ఎంత, పిల్లలకు పోసింది ఎంత. చాలా సమాజాల్లో పాల మీద పెత్తనం ఆడవాళ్లది, పశువును అమ్మే నిర్ణయం మగవాళ్లది. ఒక్కరినే అడిగి వస్తే సగం బొమ్మే చేతికొస్తుంది. మందను తోలుకెళ్లే కుర్రాళ్లతో విడిగా మాట్లాడండి. ఏ వాగు ఎండిందో, ఏ దారిలో తుపాకులున్నాయో వాళ్లకు తెలిసినంత పెద్దలకు తెలియదు.

"మీకు ఎన్ని పశువులున్నాయి?" అని మాత్రం అడగకండి. బ్యాంకులో ఎంత దాచుకున్నారని కొత్త మనిషిని అడిగినట్టు ఉంటుంది. పైగా పన్ను వసూలు చేసేవాళ్లూ ఇదే ప్రశ్నతో వస్తారు. వంద గులకరాళ్లు తీసుకుని నేల మీద పోయండి. "పోయిన ఏడాది ఇదే నెలలో మీ మంద ఈ వంద అనుకోండి. ఇప్పుడు ఇందులో ఎన్ని మిగిలాయి? చచ్చినవి ఎన్ని, అమ్మినవి ఎన్ని, చుట్టాలకు ఇచ్చినవి ఎన్ని?" అని అడగండి. రాళ్లు వాళ్లే పంచుతారు. పక్కనున్నవాళ్లు వాదించి అటూఇటూ జరుపుతారు. ఆ వాదన వినండి, అందులోనే సమాచారం ఉంటుంది. సంఖ్య ఎవరూ చెప్పనవసరం లేదు, నష్టం ఎంతో మీకు తెలిసిపోతుంది.

అదే నేల మీద ఏడాదిని కూడా గీయించండి, వాళ్ల రుతువుల పేర్లతోనే. సోమాలీలకు పెద్దవాన 'గు', చిన్నవాన 'దేయర్', కఠినమైన ఎండకాలం 'జిలాల్'. ఇథియోపియా దక్షిణాన, కెన్యా ఉత్తరాన ఉండే బోరానా కాపరులకు పెద్దవాన 'గన్నా', చిన్నవాన 'హగయా'. ఏ రుతువులో మంద ఎటు పోతుంది, ఎప్పుడు ఈనుతుంది, పాలు ఎప్పుడు పొంగుతాయి, ధాన్యం ఎప్పుడు కొంటారు, పెళ్లిళ్లు ఎప్పుడు, జబ్బులు ఎప్పుడు. ఈ ఒక్క పటం మీ దగ్గరుంటే, మీ ప్రాజెక్టు ప్రణాళికలో "ఏప్రిల్‌లో శిక్షణ" అని రాసిన గడి దగ్గర మీకే నవ్వొస్తుంది. ఏప్రిల్‌లో వాళ్లు అక్కడ ఉండరు.

రెండో పని: గుర్తులు చదవడం, ముందే రాసి పెట్టుకోవడం

కరువు ఒక్కరోజులో రాదు. దాని అడుగుల చప్పుడు నెలల ముందే వినిపిస్తుంది. ఏం చూడాలంటే:

పశువు ఒళ్లు. పక్కటెముకలు లెక్కపెట్టగలుగుతున్నారా, తోక మొదట రెండువైపులా గుంట పడిందా, నడుము ఎముక మీద వేలు పెడితే గుచ్చుకుంటోందా. దీనికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేసే పద్ధతి ఉంది, ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు.

సంతలో మారకం. ఒక మేకను అమ్మితే ఎన్ని కిలోల ధాన్యం వస్తోంది? నా అనుభవంలో ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు. వానలు తప్పితే మేక ధర పడుతుంది, ధాన్యం ధర లేస్తుంది. కుటుంబం రెండువైపులా నలుగుతుంది. నాలుగు వారాలు వరసగా ఈ లెక్క రాసుకుంటే ఏ ఉపగ్రహ చిత్రమూ అక్కర్లేనంత స్పష్టంగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ పశువు అమ్మకానికొచ్చింది? ముసలి ఎద్దు, వట్టిపోయిన ఆవు సంతకొస్తే అది మామూలు. పెయ్య, చూడి ఆవు సంతకొచ్చాయంటే ఆ ఇంట్లో ఇంక దాచుకోవడానికి ఏమీ లేదని అర్థం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, గుర్తులు సేకరించి నివేదికగా పంపి ఊరుకోవడం. గుర్తు పక్కన పని రాయాలి. "మేకకు వచ్చే ధాన్యం ఇన్ని కిలోలకు దిగితే, రెండు వారాల్లో వ్యాపారులను పిలుస్తాం, ఇంత డబ్బు ఈ పద్దు నుంచి, సంతకం ఫలానా పదవిలో ఉన్నవారిది." ఇది మంచి కాలంలోనే రాసుకుని, దాతలతో ఒప్పించుకుని, కాగితం మీద పెట్టుకోవాలి. కరువు మొదలయ్యాక ప్రతిపాదన రాయడం మొదలుపెడితే, డబ్బు మంజూరయ్యేసరికి మూడు నెలలు. ఈ మూడు నెలల్లోనే ఆవు మూడో రోజుకు చేరుతుంది. కెన్యాలో ఉత్తర జిల్లాలకు ఇలాగే మామూలు, అప్రమత్తం, ప్రమాదం, అత్యవసరం, కోలుకోవడం అని దశలు పెట్టుకుని నెలనెలా ప్రకటిస్తారు. దశ మారితే ఏ పని మొదలవ్వాలో ముందే తేల్చుకోవడం దాని ఉద్దేశం.

పశువుల బీమా కథలో కూడా ఇదే పాఠం ఉంది. 2010లో కెన్యాలోని మార్సబిట్‌లో పచ్చదనాన్ని ఉపగ్రహంతో కొలిచి డబ్బిచ్చే బీమా మొదలైంది. చచ్చిన పశువును ఎవరూ వచ్చి చూడక్కర్లేదు, పచ్చిక ఒక మట్టం కిందికి పడితే చాలు. మొదట్లో సీజన్ ముగిశాక, పోయిన పశువులకు బదులుగా డబ్బొచ్చేది. తర్వాత పద్ధతి మార్చి, పశువు చావకముందే డబ్బు అందేలా చేశారు, దాంతో మేత కొనుక్కోవచ్చు కదా అని.

మూడో పని: కొనుగోలు ముందు, మేత తర్వాత

కరువు సాయం అనగానే అందరికీ గడ్డి గుర్తొస్తుంది. నిజానికి మొదట చేయాల్సింది మందలో పశువుల సంఖ్య తగ్గించడం. పశువుకు ఇంకా కండ ఉండగా, ధర ఇంకా ఉండగా, కొన్నింటిని అమ్మించడం. ఉన్న మేత మిగిలినవాటికి సరిపోతుంది, ఇంట్లోకి నగదు వస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ ఇథియోపియా దక్షిణాన మొయాలే. 2006 కరువులో అక్కడ ఇద్దరు పశువుల వ్యాపారులకు అప్పు ఇచ్చి, వాళ్లను కాపరుల దగ్గరికి తీసుకెళ్లారు. సంస్థ తాను పశువులు కొనలేదు, వ్యాపారులే కొన్నారు. సుమారు 20,000 పశువులు, పది లక్షల డాలర్లకు పైగా విలువ. తర్వాత చేసిన లెక్కలో, ఖర్చుపెట్టిన ప్రతి డాలరుకూ 41 డాలర్ల ప్రయోజనం వచ్చిందని తేలింది. అమ్మిన కుటుంబాలు ఆ డబ్బుతో తిండి కొన్నాయి, మిగిలిన పశువులకు మేత కొన్నాయి, కొన్నింటిని లారీల మీద మేత ఉన్న చోటికి తోలించాయి.

మీరు చేయాలంటే ఇలా చేయండి. ముందు వ్యాపారులను వెతకండి, ఊళ్లోని చిన్న దళారులను కూడా వదలకండి, వాళ్లను పక్కన పెడితే రేపు సంతే విరిగిపోతుంది. వాళ్లకు అడ్డం ఏమిటో అడగండి. సాధారణంగా రవాణా, పెట్టుబడి, దారిలో చెక్‌పోస్టులు. అడ్డం ఎక్కడుందో మీ డబ్బు అక్కడే పెట్టండి. సంత రోజు ముందే ప్రకటించండి, ఆ చోట నీళ్లూ నాలుగు రోజుల మేతా ఉంచండి. అమ్మినవాడికి నగదు అదే రోజు అందేలా చూడండి. "వచ్చే వారం ఇస్తాం" అన్న మాట ఒక్కసారి వినిపిస్తే రెండో సంతకు ఎవరూ రారు.

ఆ వేళ దాటిపోతే, వ్యాపారి కొనడు. అప్పుడు మిగిలేది మీరే నిర్ణీత ధరకు కొని, కోయించి, మాంసాన్ని అక్కడే పంచడం. ఇది ఖర్చెక్కువ, ప్రయోజనం తక్కువ. అయినా ఆవు ఊరికే చచ్చి ఎండిపోవడం కన్నా నయం. ఎవరి పశువులు కొనాలో, మాంసం ఎవరికి వెళ్లాలో వాళ్ల పెద్దలనూ ఆడవాళ్ల సంఘాలనూ తేల్చమనండి. కోత వాళ్ల మతాచారం ప్రకారమే జరగాలి. పశువైద్యుడు చూసి సరేనన్నాకే కత్తి పెట్టాలి. హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్ల రక్తం కారుతున్న పశువును ఎట్టి పరిస్థితిలోనూ కోయనివ్వకండి. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు, అది మనుషులకూ అంటుతుంది.

నాలుగో పని: మేత, నీళ్లు. లెక్క ముందు వేసుకోండి

"అందరి పశువులకూ మేత ఇస్తాం" అని మాటిచ్చే ముందు కాగితం తీసుకోండి. 250 కిలోల ఆవు బరువు తగ్గకుండా ఉండాలంటే రోజుకు ఐదారు కిలోల ఎండుమేత కావాలి. 500 కుటుంబాలు, ఇంటికి రెండు ఆవులే, రోజుకు ఐదు కిలోలు, 90 రోజులు. 450 టన్నులు. పది టన్నుల లారీలు 45. అదీ ఇంటికి రెండు ఆవులకే. మందకంతా మేత పెట్టడం ఎవరి తరమూ కాదు.

అందుకే ఎంచుకోవాలి. రేపటి మందకు విత్తనంలాంటి పశువులు ఏవి? ఈనగలిగే వయసు ఆవులు, చూడివి, మంచి పాలిచ్చేవి. కుటుంబానికి ఇన్ని అని సంఖ్య తేల్చి, ఏవి ఎంచుకోవాలో వాళ్లకే వదిలేయండి. ఈ పని వాళ్లకు మీకన్నా బాగా తెలుసు. ఏ ఆవు తల్లి ఏ కరువు తట్టుకుందో చెబుతారు.

ఇంకొక సంగతి. కరువులో మగవాళ్లు మందను దూరపు బీళ్లకు తోలుకుపోతారు. పిల్లలు, ముసలివాళ్లు, బాలింతలు ఇంటి దగ్గర ఉంటారు. మంద పోయిన మర్నాటి నుంచి పిల్లల చెంబులో పాలుండవు. బరువు పడిపోయే పిల్లలను మనం నెల తర్వాత పౌష్టికాహార కేంద్రంలో చూస్తాం, అక్కడ పొట్లాలిస్తాం. దానికి ముందే ఇంటి దగ్గర ఒకటి రెండు పాడి పశువులను ఉంచి, వాటికి మాత్రం మేత, దాణా ఇస్తే? ఇథియోపియాలోని సోమాలీ ప్రాంతంలో సేవ్ ది చిల్డ్రన్, టఫ్ట్స్ యూనివర్సిటీ కలిసి ఇదే చేసి చూశాయి. పాలు నిలిచాయి, ఆ పాలు పిల్లలకు అందాయి, వాళ్ల పోషణ దిగజారకుండా ఆగింది. పౌష్టికాహార విభాగం, పశు విభాగం ఒకే ఆఫీసులో పక్కపక్క గదుల్లో ఉండి కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోని సంస్థలు చాలా ఉన్నాయి. ఆ తలుపు మీరు తట్టండి.

మేత పెట్టేటప్పుడు తొందర వద్దు. చాలాకాలం ఆకలితో ఉన్న పశువు ముందు ఒక్కసారిగా గింజల దాణా పోస్తే కడుపులో ఆమ్లం పెరిగి అదే చంపుతుంది. గడ్డితో మొదలుపెట్టి, దాణా గుప్పెడు గుప్పెడుగా పెంచుతూ వారం పది రోజులు తీసుకోండి. యూరియా కలిసిన దాణా ఇస్తున్నట్టయితే ఎంతివ్వాలో బొమ్మతో సహా చూపించి మరీ ఇవ్వండి, మోతాదు మించితే విషమే. మేత పంచే చోటు మంద ఉన్న దారిలో ఉండాలి. పట్నంలో గోదాము తెరిచి రమ్మంటే, రావడానికి ఓపిక లేని పశువే దారిలో పడిపోతుంది.

నీళ్ల లెక్క కూడా ఇలాంటిదే. పెద్ద పశువుకు రోజుకు 20 నుంచి 30 లీటర్లు, మేకకు గొర్రెకు 5, మనిషికి కనీసం 15 అని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. 300 ఆవులు, 600 మేకలు, 400 మంది మనుషులు ఉన్న ఒక రేవుకు రోజుకు పదిహేను నుంచి పద్దెనిమిది వేల లీటర్లు కావాలి. పదివేల లీటర్ల ట్యాంకరైతే రోజుకు రెండు తిరుగుళ్లు, గతుకుల దారిలో, నెలల తరబడి. ట్యాంకర్ నీళ్లు చివరి మార్గం, అది కూడా మనుషులకూ, ఎంచుకున్న కొద్ది పశువులకే. అంతకుముందు పూడిన బావుల పూడిక తీయించండి, పాడైన పంపులు బాగుచేయించండి, వాగుల్లో చెలమలు లోతు చేయించండి. పని చేసినవాళ్లకు కూలి ఇవ్వండి.

కొత్త బోరు వేయడమంటే అందరికీ ఉత్సాహమే. ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టొచ్చు. కాస్త ఆగండి. ఎండకాలానికని దాచుకున్న బీటిలో ఏడాది పొడుగునా నీళ్లు వచ్చే బోరు వేస్తే, మందలు అక్కడే మకాం వేస్తాయి, గడ్డి వానాకాలంలోనే అయిపోతుంది. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచైన సాహెల్‌లో 1960ల్లో వేసిన బోర్ల చుట్టూ 1968 తర్వాతి కరువులో జరిగింది ఇదే. దాహంతో చచ్చిన పశువులు తక్కువ. నీటి తొట్టి పక్కనే, గడ్డిపరక లేక, ఆకలితో చచ్చినవి ఎక్కువ.

నీళ్లకు యజమానులుంటారు, వంతులుంటాయి. బోరానా వాళ్ల లోతు బావుల్లో మనుషులు ఒకరి మీద ఒకరుగా గోడ వెంట నిలబడి, పాడుతూ చేదలను పైకి అందిస్తారు. ఏ మంద ఏ రోజు తాగాలో చూసేందుకు 'అబ్బా హెరెగా' అనే పెద్ద ఉంటాడు. మీ కొత్త పంపు దగ్గర అలాంటి మనిషి ఎవరో, డీజిల్ డబ్బు ఎవరు వసూలు చేస్తారో, బయటి మంద వస్తే ఏం చేస్తారో తేలకపోతే, పంపు వేయకండి. ఆరు నెలల్లో పాడవుతుంది, లేదా దాని మీద తలలు పగులుతాయి.

ఐదో పని: మందులు ఊరికే పంచకండి

పశువైద్యం విషయంలో నాదొక మొండి అభిప్రాయం. ఉచిత మందుల శిబిరం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. మంద వెంట తిరుగుతూ, చిన్న సంచిలో మందులు పెట్టుకుని, కాస్త లాభం వేసుకుని అమ్మే స్థానిక పశు ఆరోగ్య కార్యకర్త ఉంటాడు. మీ లారీ వచ్చి ఉచితంగా పంచిన రోజు అతని వ్యాపారం పోతుంది. మీ ప్రాజెక్టు ముగిశాక అతనూ ఉండడు, మీరూ ఉండరు. కుటుంబాలకు కూపన్లు ఇవ్వండి. అతని దగ్గరే వైద్యం చేయించుకుంటారు, కూపన్లు చూపితే మీరు డబ్బిస్తారు.

ఈ కార్యకర్తల సత్తా తక్కువ అంచనా వేయకండి. పశువుల ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) ప్రపంచం నుంచి పూర్తిగా పోయిందని 2011లో ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి నిర్మూలించిన రెండో జబ్బు అదే. వేడికి తట్టుకునే టీకా తయారయ్యాక, దాన్ని ఇథియోపియాలోని అఫార్, దక్షిణ సూడాన్ లాంటి చోట్లకు, వాహనాలు పోలేని మందల దాకా మోసుకెళ్లింది ఊళ్లోవాళ్లే ఎంచి పంపిన, కొన్ని వారాల శిక్షణ పొందిన కాపరులు. ఇప్పుడు మేకల, గొర్రెల పారుడు రోగాన్ని 2030 నాటికి నిర్మూలించాలని ప్రపంచ సంస్థలు లక్ష్యం పెట్టుకున్నాయి. ఆ పని కూడా వీళ్ల చేతుల మీదుగానే జరగాలి.

టీకాలకు వేళ మంచి కాలం. చిక్కి శల్యమైన పశువుకు టీకా వేస్తే రక్షణ సరిగా రాకపోవచ్చు, పైగా టీకాల కోసం మందలన్నీ ఒకచోట గుమిగూడితే జబ్బే పాకుతుంది. కరువు తొలిదశలో నట్టల మందు పోయించడం, పిడుదులు వదిలించడం మంచి పెట్టుబడి. తిన్న కొంచెం మేతైనా ఒంటికి పడుతుంది.

ఆరో పని: నగదు, జాబితా, కదిలే మనుషులు

సంత నడుస్తుంటే బియ్యం, పిండి మోయడం కన్నా నగదు నయం. కెన్యాలో తుర్కానా, మార్సబిట్, మండేరా, వాజిర్‌లలో ప్రభుత్వమే నిరుపేద కుటుంబాలకు క్రమం తప్పకుండా నగదు వేస్తోంది. కరువు ముదిరితే అదే ఖాతాల దారిలో మరింతమందికి వేయొచ్చు. దారి ముందే వేసి ఉంది కాబట్టి వారాల్లో పని అవుతుంది. మీ ప్రాంతంలో అలాంటిదేమైనా ఉందేమో చూసుకోండి, ఉంటే దాని పక్కన మీ సొంత జాబితా కొత్తగా మొదలుపెట్టకండి.

జాబితా రాసేటప్పుడు జాగ్రత్తలు రెండు. 'కుటుంబం' అంటే ఏమిటో అక్కడ అడిగి తెలుసుకోండి. ఇద్దరు ముగ్గురు భార్యలున్న చోట ఒక్కో భార్యదీ ఒక్కో పొయ్యి. ఇంటి పెద్ద ఒక్కడి పేరే రాస్తే డబ్బు ఒకే పొయ్యికి చేరుతుంది. రెండోది, మంద మొత్తం పోగొట్టుకుని పట్నం అంచున గుడిసెలు వేసుకున్నవాళ్లను మర్చిపోకండి. కాపరుల సమావేశాల్లో వాళ్లుండరు, పట్నం సమావేశాలకు వాళ్లను పిలవరు. అందరికన్నా ముందు ఆకలి తగిలేది వాళ్లకే.

ఫిర్యాదు చేయడానికి ఒక దారి పెట్టండి. గోడకు కట్టిన పెట్టె పనికిరాదు, మనుషులు అక్కడ ఉండరు. మీ సిబ్బందిలో ఒక ఆడమనిషిని, ఒక ఫోన్ నంబరును, సంత రోజున ఒక బల్లను ఏర్పాటు చేయండి. సాయం పేరు చెప్పి ఎవరైనా డబ్బో, ఇంకేమైనానో అడిగితే చెప్పుకోవడానికి భయపడని చోటు ఉండాలి.

ఏడో పని: దారులు, తగాదాలు

మంద కదిలితేనే బతుకుతుంది. దారి మూసుకుపోతే మీరిచ్చే మేతా నీళ్లూ వృథా. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి 1998లోనే మందలు సరిహద్దు దాటేందుకు ధ్రువపత్రాల పద్ధతి పెట్టింది. కాగితం మీద బాగుంది, సరిహద్దు దగ్గర ప్రతిసారీ పనిచేయదు. మీ స్థాయిలో చేయగలిగింది, మంద వెళ్లే దారిలో పంటలున్న రైతుల పెద్దలనూ, కాపరుల పెద్దలనూ మంద బయలుదేరకముందే కూర్చోబెట్టడం. కోత ఎప్పుడు అయిపోతుంది, కొయ్యకాళ్లలో మంద ఎప్పుడు దిగొచ్చు, పంట తొక్కితే ఎంత ఇవ్వాలి. పేడ ఎరువుగా కావాలనుకునే రైతులు చాలామందే ఉంటారు, మాట అక్కడ మొదలుపెట్టండి.

ఎనిమిదో పని: వాన పడ్డాక

మొదటి వాన చూసి పశువులు కొని పంచేయాలని తొందరపడతారు. చిక్కిన పశువులను వాన, చలిగాలి కలిసి ఒక్క రాత్రిలో పడేస్తాయి. ఎన్నో మందల్లో ఆఖరి చావులు వాన పడ్డాకే. గడ్డి మొలిచి నిలదొక్కుకునేదాకా మేత సాయం ఆపకండి.

పశువులు ఇవ్వాలనుకుంటే, ముందు వాళ్ల పద్ధతి ఏమిటో చూడండి. బోరానాల్లో మంద పోగొట్టుకున్నవాడికి వంశంవాళ్లు పశువులు పోగుచేసి ఇచ్చే 'బూసా గోనోఫా' ఉంది. నైజర్‌లోని వొడాబె కాపరుల్లో 'హబ్బనాయె' ఉంది. ఒక ఆవును స్నేహితుడికి అప్పగిస్తారు, రెండు మూడు ఈతల దూడలు అతనివి, తర్వాత తల్లి సొంతదారు దగ్గరికి వెళ్లిపోతుంది. ఈ పద్ధతిని ఆధారం చేసుకుని అక్కడ సంస్థలు పశువులు ఇచ్చాయి. ఎవరికి ఇవ్వాలన్న తగువు మీ మీద పడదు, వాళ్ల మాట మీద జరుగుతుంది.

కొనేది స్థానిక జాతినే, దగ్గరి సంతల్లోనే. పాలెక్కువ ఇస్తుందని దూరం నుంచి తెచ్చిన మేలుజాతి ఆవు ఆ ఎండకు, ఆ నడకకు నిలవదు. మేకలతో మొదలుపెట్టడం తెలివైన పని, తొందరగా ఈనుతాయి. కానీ ఇంటికి ఐదు మేకలిచ్చి చేతులు దులుపుకుంటే, మూడో నెలలో ధాన్యం కోసం ఐదూ అమ్ముకుంటారు. ఎన్ని ఉంటే ఒక కుటుంబం అమ్ముకోకుండా నిలబడగలదో వాళ్లనే అడిగి, అంతకు తగ్గకుండా ఇవ్వండి. మంద పెరిగేదాకా ధాన్యమో నగదో సాగించండి. డబ్బు చాలకపోతే కుటుంబాల సంఖ్య తగ్గించండి, మేకల సంఖ్య కాదు. దాతకు పంపే నివేదికలో సంఖ్య చిన్నదిగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి.

మళ్లీ కాపరులం కాబోమని చెప్పేవాళ్లూ ఉంటారు. వాళ్లను బలవంతంగా మంద వెనక్కి తోలకండి. పాల సేకరణ, పశువుల రవాణా, మందుల అమ్మకం, మేత పెంపకం లాంటి పనులు కాపరుల మీద ఆధారపడి నడిచేవే. వాళ్లకు అటు దారి చూపించండి.

ఇచ్చిన ఏడాదికి, మొదటి ఈతకాలం అయ్యాక మళ్లీ వెళ్లండి. అదే వేళకు, పాలు పితికేటప్పుడు. గులకరాళ్లు మళ్లీ పోయండి. ఈసారి వంద రాళ్లు మీరిచ్చిన పశువులు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఈనాయి, ఎన్ని అమ్మారు, ఎందుకు అమ్మారు, ఎన్ని చుట్టాలకు ఇచ్చారు. చుట్టాలకు ఇచ్చిన రాళ్లను నష్టం గడిలో రాయకండి.